1940 మేలో ఫ్రాన్స్‌కు ఫైటర్ విమానాలు నిరాకరించడం న్యాయమేనా?

పాతపటాలు

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (బ్రిటన్ ఆకాశంలో జర్మన్ వాయుసేనతో జరిగిన పోరు) కథ ఎవరు చెప్పినా 1940 జూలై 10న మొదలుపెట్టి అక్టోబర్ 31న ముగిస్తారు. ఆ పోరు మొత్తంలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం మాత్రం అంతకు రెండు నెలల ముందే, మే నెల నడిమధ్యలో జరిగిపోయిందని నా నమ్మకం. శత్రువును ఎలా ఎదుర్కోవాలన్నది కాదు అక్కడి ప్రశ్న. మిత్రుడికి ఎంతవరకు ఇవ్వాలన్నది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. మే 10న జర్మనీ పడమటి సరిహద్దు మీద దాడి మొదలుపెట్టింది. 13న సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటింది. మర్నాడు ఆ దాటే చోట్లను దెబ్బతీయడానికి బ్రిటిష్ బాంబర్లు 71 వెళితే 40 తిరిగి రాలేదు. ఆ సాయంత్రమే ఫ్రాన్స్ ప్రధాని పాల్ రేనో మరో 10 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధ విమాన దళాలు) కావాలని అడిగాడు. 15న తెల్లవారగానే చర్చిల్‌కు ఫోన్ చేసి, ఓడిపోయామని చెప్పాడు. ఆ రోజు యుద్ధ మంత్రివర్గం ముందుకు ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ వచ్చి, ఇక ఒక్క విమానం కూడా పంపవద్దని వాదించాడు. 16న అదే సంగతి వైమానిక శాఖకు లేఖగా రాశాడు. దేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు అవసరమని మీరే తేల్చారు, ఇప్పుడు నా దగ్గర 36 కూడా దాటి లేవు, ఉన్నవాటిని ఫ్రాన్స్‌లో కరగబెట్టుకుంటే అక్కడి ఓటమి ఇక్కడి ఓటమి కూడా అవుతుంది, దానికి మందు ఉండదు అన్నది ఆ లేఖ సారాంశం.

డౌడింగ్ మాట నిజమేనని నేను ఒప్పుకుంటాను. దాని మూల్యంలో పెద్ద వంతు ఫ్రాన్స్ చెల్లించిందన్నదీ అంతే నిజం. స్మరణ సభల్లో మొదటిది వినిపిస్తుంది, రెండోది వినిపించదు. ఈ తూకం నాకు అన్యాయంగా తోస్తోంది. మీ అభిప్రాయాలు రాయండి.

కృష్ణాతీరం

పాతపటాలు గారూ, మీరు మెత్తగా అన్నదాన్ని నేను సూటిగా అంటాను. అది మాట తప్పడమే.

1940 మార్చి 28న రెండు దేశాలూ ఉమ్మడి ప్రకటన చేశాయి, ఒకరిని వదిలి ఇంకొకరు విడిగా సంధి చేసుకోకూడదని. జూన్‌లో ఫ్రాన్స్ ఆ మాట తప్పిందని బ్రిటన్ ఎంతో బాధపడింది. మరి ఉమ్మడి యుద్ధం అన్న తర్వాత ఫైటర్ విమానాలు ఉమ్మడివి కావా? మే 10 నాటికి బ్రిటన్ ఫ్రాన్స్ గడ్డ మీద నిలిపిన పూర్తి స్థాయి డివిజన్లు 10. ఫ్రాన్స్ నిలిపినవి అంతకు ఎన్నో రెట్లు. అంటే నేల మీద చావడం ఫ్రెంచి సైనికుడి వంతు, ఆకాశంలో సాయం చేయవలసిన వంతు వచ్చేసరికి లెక్కలు.

ఇంకో సంగతి. 15వ తేదీ రాత్రి బ్రిటన్ సుమారు 100 బాంబర్లను పంపింది. ఎక్కడికి? మ్యూజ్ దగ్గర తెగిపోయిన ఫ్రెంచి సేన మీద పడుతున్న ట్యాంకుల మీదకు కాదు, జర్మనీలోని రూర్ కర్మాగారాల మీదకు. పక్కింటికి నిప్పంటుకుంటే మన బావిలో నీళ్లు మనకే ఉంచుకున్నట్టుంది ఇది. తర్వాత మన ఇల్లు నిలబడింది కాబట్టి ఆ పని మంచిదైపోదు.

మాజీ_రాడార్

నేను వాయుసేన సిగ్నల్స్ విభాగంలో పనిచేసి విరమించాను. రాజకీయం మీరు తేల్చండి. ఒక హరికేన్ ఫైటర్ విమానం ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు దాని విలువ ఎంత, ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు ఎంత అన్నది ఎవరూ ఎత్తకపోతే ఈ చర్చ గాలిలో తేలుతుంది.

ఇంగ్లండ్ దక్షిణ, తూర్పు తీరాల వెంబడి చైన్ హోమ్ రాడార్ స్తంభాలు ఉండేవి. సముద్రం మీద శత్రు విమానాలు కూడుతుండగానే అవి పసిగట్టేవి. ఆ సమాచారం టెలిఫోన్ తీగల మీద లండన్ శివార్లలో ఫైటర్ కమాండ్ కేంద్రమైన బెంట్లీ ప్రయరీకి చేరేది. అక్కడ వడపోత గదిలో పెద్ద బల్ల మీద పటం పరచి ఉండేది. చుట్టూ నిలబడ్డ మహిళా సిబ్బంది చెవిలో ఫోను పెట్టుకుని బిళ్లలు జరిపేవారు. కాపలా గదుల్లోని గడియారం ముఖం మీద 5 నిమిషాలకో రంగు చొప్పున ఎరుపు, పసుపు, నీలం వేసి ఉండేవి. ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు బిళ్ల పెట్టాలి. రంగు మారిన బిళ్ల బల్ల మీద ఇంకా కనిపిస్తోందంటే అది పాత వార్త, దాన్ని నమ్మి విమానం పంపకూడదు. ఇంత సులువైన ఏర్పాటు! ఉద్యోగంలో ఎన్నో ఖరీదైన పరికరాలు చూశాను కానీ, పాత సమాచారానికీ కొత్త సమాచారానికీ తేడా ఇంత తేటగా చూపినది ఇంకొకటి చూడలేదు.

దీని ఫలితం ఏమిటంటే, పైలట్ నేల మీదే కూర్చుని ఎదురుచూడవచ్చు. శత్రువు నిజంగా వస్తున్నప్పుడే, వస్తున్న దిక్కుకే లేస్తాడు. ఇంధనం మిగులుతుంది, ఇంజను అరగదు, మనిషి అలసిపోడు. దెబ్బతిన్న విమానం దిగితే మరమ్మతుకు వెళుతుంది. పారాషూట్‌లో దిగిన పైలట్ సాయంత్రానికి తన స్థావరానికి చేరుతాడు.

ఫ్రాన్స్‌లో ఇందులో ఏదీ సరిగ్గా లేదు. గడ్డి మైదానాలు, తెగిపోయే టెలిఫోన్లు, రోజుకో కొత్త చోటికి తరలిపోవడం. ముందస్తు హెచ్చరిక అంతంత మాత్రం కాబట్టి ఊరికే గాలిలో గస్తీ తిరగాలి. నష్టం ఎలా జరిగిందో లెక్క చూడండి. బ్రిటిష్ సేనకు తోడుగా పనిచేసిన వాయుదళం దగ్గర చేరిన హరికేన్లు 261. తిరిగి వచ్చినవి 66. పోయిన 195లో పోరాడి నేలకూలినవి 75 మాత్రమే. మిగతా 120 చిన్నదో పెద్దదో దెబ్బతిని, బాగుచేసే వీలు లేకనో ఇంధనం లేకనో, వెనక్కి తగ్గుతూ మన చేతులతో మనమే తగలబెట్టుకున్నవి. బ్రిటన్ దగ్గరున్న ఆధునిక ఫైటర్ బలంలో నాలుగో వంతు పది రోజుల్లో అలా పోయింది.

కృష్ణాతీరం గారూ, మీ బావి పోలిక ఇక్కడ సరిపోదు. ఆ నీళ్లు పక్కింటికి చేరేలోపే సగానికి పైగా నేలపాలవుతున్నాయి. డౌడింగ్ చూసింది అది.

గోల్కొండ_గోడలు

ఈ చర్చలో మన వైపు వారి పేరు కూడా ఉంది. పెద్దగా ఎవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

బ్రిటిష్ వాయుసేనలో మూడు స్క్వాడ్రన్ల పేర్లలో హైదరాబాద్ ఉండేది: 110, 152, 253. నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా ఆ పేరు. 110వది బ్లెన్‌హైమ్ బాంబర్లది. 1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీద జరిగిన మొదటి దాడిలో ఉంది. 152వది స్పిట్‌ఫైర్ ఫైటర్లతో వార్మ్‌వెల్ నుంచి ఎగురుతూ 1940 వేసవి అంతా పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాచింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థమిచ్చే నినాదం.

ఈ ప్రశ్నకు నేరుగా సంబంధించినది 253వది. మే 16న సగం సగం స్క్వాడ్రన్లుగా విడదీసి ఫ్రాన్స్‌కు పంపినవాటిలో అదీ ఉంది. అప్పటికి అది ఏర్పడి ఏడు నెలలు కూడా కాలేదు. అక్కడ దెబ్బతిని వచ్చాక ఉత్తరాన కుదురుకుని, ఆగస్టు చివర లండన్ దక్షిణాన ఉన్న కెన్లీ స్థావరానికి వచ్చింది. ఆగస్టు 31న ఒక్క రోజులో దానికి నాయకత్వం వహించిన ఇద్దరూ పోయారు: స్క్వాడ్రన్ లీడర్ స్టార్ మరణించాడు, టామ్ గ్లీవ్ ఒళ్లంతా కాలి ఆసుపత్రి పాలయ్యాడు.

అందుకే పంపారా, పంపలేదా అని రెండు ముక్కల్లో అడిగితే జవాబు దొరకదు. పంపారు. కొత్త స్క్వాడ్రన్లను సగానికి విరిచి మరీ పంపారు. నిరాకరణ దాని తర్వాత వచ్చింది.

పాతపటాలు

గోల్కొండ గోడలు గారు చెప్పినది చాలా ముఖ్యం. ఆ రెండు రోజులు మంత్రివర్గం ఎలా ఊగిసలాడిందో చూస్తే అది గుండె రాయి చేసుకుని తీసుకున్న నిర్ణయం కాదని అర్థమవుతుంది.

15న పంపవద్దనుకున్నారు. 16 ఉదయం, పరిస్థితి ఇంకా దిగజారిందని తెలిసి, 4 స్క్వాడ్రన్లకు సమానమైన బలం పంపడానికి ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నం చర్చిల్ పారిస్ వెళ్లాడు. విదేశాంగ శాఖ తోటలో అధికారులు దస్తావేజులు తగలబెడుతున్నారు, కిటికీలోంచి పొగ కనిపిస్తోంది. నిల్వ సేన ఎక్కడ అని చర్చిల్ అడిగితే, సర్వసేనాధిపతి గామెలాన్ తల అడ్డంగా ఊపి, లేదు అన్నాడు. ఆ రాత్రి చర్చిల్ తన రాయబార కార్యాలయం నుంచి లండన్‌కు తంతి పంపాడు, ఇంకో 6 స్క్వాడ్రన్లు ఇవ్వాలని. ఎవరైనా వింటారేమోనని జవాబు హిందుస్తానీలో చెప్పేలా చర్చిల్ సైనిక సలహాదారు జనరల్ ఇస్మే ఏర్పాటు చేశాడు. లండన్‌లో భారతీయ సైన్యానికి చెందిన అధికారి ఒకరు ఫోను దగ్గర సిద్ధంగా ఉన్నారు. రాత్రి 11:30 ప్రాంతంలో వచ్చిన జవాబు ఒకే మాట: ‘హా’.

చర్చిల్ అర్ధరాత్రి రేనో ఇంటికి వెళ్లాడు. ఆయన పడకగది నుంచి గౌను తొడుక్కుని వచ్చాడు. శుభవార్త చెప్పి, రక్షణ మంత్రి దలాదియేను కూడా పిలిపించి వినిపించాడు. అయితే వైమానిక దళాధిపతి న్యూవల్ లండన్‌లో లెక్క చూస్తే ఉత్తర ఫ్రాన్స్ స్థావరాల్లో 3 స్క్వాడ్రన్లకు మించి చోటు లేదు. అందుకని ఆ 6 స్క్వాడ్రన్లు కెంట్‌లోనే ఉండి, పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు ఫ్రాన్స్ వెళ్లి పోరాడి సాయంత్రానికి ఇంటికి రావాలని మార్చారు. రేనోకు ఇచ్చిన మాట సాంకేతికంగా నిలిచింది, డౌడింగ్‌కు స్క్వాడ్రన్లూ మిగిలాయి. ఫ్రాన్స్ నేల మీద ఉన్నవాడికి మాత్రం ఆ సాయం సగమే అందింది.

మరో రెండు మూడు రోజుల్లో చర్చిలే ఆదేశం ఇచ్చాడు, ఫ్రాన్స్‌కు ఎంత అవసరమున్నా ఇక స్క్వాడ్రన్లు దేశం విడిచి వెళ్లకూడదని. అర్ధరాత్రి మాట ఇచ్చినవాడూ ఆయనే, తలుపు మూసినవాడూ ఆయనే. రెండూ మనసుతో చేశాడనే నేను నమ్ముతాను.

కృష్ణాతీరం

చర్చిల్ మనసు నాకు ముఖ్యం కాదు. మాజీ రాడార్ గారి లెక్కను ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: స్థావరాలు చాలకపోవడం, టెలిఫోన్లు లేకపోవడం, మరమ్మతు శాలలు లేకపోవడం ఎవరి తప్పు? యుద్ధం ప్రకటించినది 1939 సెప్టెంబర్ 3న. దాడి జరిగినది ఎనిమిది నెలల తర్వాత. ఆ ఎనిమిది నెలల్లో మిత్రదేశం గడ్డ మీద కనీసం ఒక హెచ్చరిక వ్యవస్థ నిలబెట్టుకోలేకపోయి, చివరకు ‘అక్కడికి పంపితే వృథా’ అనడం ఎక్కడి న్యాయం?

జూన్ 11న బ్రియార్ దగ్గర జరిగిన సమావేశంలో, గామెలాన్ స్థానంలో సర్వసేనాధిపతి అయిన వేగాన్ అన్నది ఇదే. నిర్ణాయక స్థలం ఇదే, నిర్ణాయక క్షణం ఇదే, ఇప్పుడు విమానాలను ఇంగ్లండ్‌లో అట్టేపెట్టడం తప్పు అన్నాడు. చర్చిల్ కాదన్నాడు. హిట్లర్ తన వాయుసేనను బ్రిటన్ మీదకు విసిరినప్పుడే ఆ క్షణం వస్తుందన్నాడు. ఎదురుగా కూర్చున్నవారికి తమ దేశం కూలిపోతుండగా ఆ మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించండి. మీ దేశం నిర్ణాయకం కాదు అని మిత్రుడు ముఖం మీద చెప్పాడు.

మధ్యాహ్నభానుడు

బ్రియార్ నాటికి నిజంగానే కాదు. బ్రిటిష్ సేనలు ఉత్తర ఫ్రాన్స్ రేవు డన్‌కర్క్‌లో నౌకలెక్కి వారం అయింది, మూడు రోజుల్లో పారిస్ పడిపోబోతోంది. నిజం చెప్పిన మిత్రుడిని తప్పుపట్టలేం.

ఎనిమిది నెలల సంగతి మాత్రం కృష్ణాతీరం గారు గట్టిగా పట్టుకున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, డౌడింగ్ దగ్గరా ఉండదు. అది ఆయన పరిధి కాదు.

నేను చెప్పదలచినవి మూడు. మొదటిది, జూన్ 4న, డన్‌కర్క్ తరలింపు ముగిసిన రోజున, బ్రిటన్‌లో ఎగరడానికి సిద్ధంగా ఉన్న హరికేన్లు, స్పిట్‌ఫైర్లు కలిపి 331. ఆగస్టు 11 నాటికి అవి 620. ఆ పది వారాల వ్యవధే బ్రిటన్‌ను కాపాడింది. ఆ మే నెలలో ఇంకో 10 స్క్వాడ్రన్లు పోయి ఉంటే 331 అన్న అంకె ఎక్కడ ఉండేదో ఆలోచించండి. మే 13 రాత్రికే సెడాన్ దగ్గర ఫ్రెంచి రక్షణ విచ్ఛిన్నమైంది. రేనో అడిగినది 14 సాయంత్రం. అప్పటికి ఆకాశంలో ఎన్ని విమానాలున్నా ఆ గండి పూడేది కాదు.

రెండోది పాతపటాలు గారి వాదానికి బలం. ఆ పది వారాలు ఎవరు ఇచ్చారు? మే, జూన్ నెలల్లో పడమట పోరులో జర్మన్ వాయుసేన సుమారు 1,400 విమానాలు పోగొట్టుకుంది. అందులో ఫ్రెంచి, డచ్చి, బెల్జియన్ల చేతిలో పోయినవి చాలా ఉన్నాయి. హేగ్ చుట్టుపక్కల నాశనమైన జర్మన్ రవాణా విమానాలే వందకు పైగా ఉంటాయి. జూలైలో ఛానెల్ మీదకు వచ్చిన జర్మన్ వాయుసేన మే 9 నాటిది కాదు, రెక్క విరిగినది. డన్‌కర్క్ చుట్టూ ఫ్రెంచి దళాలు చివరిదాకా కాపు కాశాయి. 3,38,000 మంది ఓడలెక్కారు, వారిలో లక్షకు పైగా ఫ్రెంచివారే, నిజమే. జూన్ 4న రేవులో ఖైదీలుగా మిగిలిపోయిన వేలాది మంది కూడా ఫ్రెంచివారే, కాపు కాసినవారు.

మూడోది ఎవరూ ఎత్తనిది. ఫ్రాన్స్ చేతిలో 400 మందికి పైగా జర్మన్ పైలట్లు ఖైదీలుగా ఉన్నారు. వారిని ఇంగ్లండ్‌కు పంపుతానని రేనో చర్చిల్‌కు మాట ఇచ్చాడు. ప్రభుత్వం మారింది, సంధి జరిగింది, వారంతా జర్మనీకి తిరిగి వెళ్లారు, బ్రిటన్ మీదకు మళ్లీ ఎగరడానికి. కృష్ణాతీరం గారూ, మాట తప్పడం గురించి మాట్లాడితే ఈ పద్దు కూడా రాయాలి. విమానం ఫ్యాక్టరీలో వారాల్లో తయారవుతుంది. పైలట్ తయారు కావడానికి నెలలు పడుతుంది.

కృష్ణాతీరం

రాసుకున్నాను. దాని కింద జూలై 3 కూడా రాయండి. అల్జీరియా తీరంలోని మెర్స్ ఎల్ కెబీర్‌లో లంగరు వేసి ఉన్న ఫ్రెంచి నౌకల మీద బ్రిటిష్ నౌకాదళం కాల్పులు జరిపితే 1,297 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు. రెండు వారాల కిందటి వరకు మిత్రులు. నౌకలు జర్మనీ చేతిలో పడనివ్వనని ఫ్రెంచి నౌకాదళాధిపతి అడ్మిరల్ దర్లాన్ ఇచ్చిన మాటను బ్రిటన్ నమ్మలేదు. 1942 నవంబర్‌లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని తూలాఁ రేవులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి నావికులు తమ నౌకలను తామే ముంచేసి ఆ మాట నిలబెట్టారు.

నార్త్‌హోల్ట్_తెలుగు

నేను పశ్చిమ లండన్‌లో ఉంటాను. ఆఫీసుకు వెళ్లే దారిలోనే నార్త్‌హోల్ట్ వైమానిక స్థావరం, దాని పక్కన పోలిష్ వాయుసైనికుల స్మారకం. రాతి స్తంభం మీద గద్ద, చుట్టూ చెక్కిన పేర్లు. నవంబర్‌లో వెళితే ఎర్రని, తెల్లని పూల దండలు ఇంకా తడిగా ఉంటాయి. అందుకే ఈ చర్చ బ్రిటన్, ఫ్రాన్స్ ఇద్దరి మధ్యే నడవడం నాకు కొరతగా అనిపించింది.

మిత్రుడిని వదిలేసిన కథ 1940 మేలో మొదలు కాలేదు. 1939 సెప్టెంబర్‌లో పోలండ్ మీద బాంబులు పడుతుంటే బ్రిటిష్ విమానాలు జర్మనీ మీద కరపత్రాలు జల్లాయి. ఆ రోజు కాపాడని దేశం నుంచి పైలట్లు రొమేనియా మీదుగా ఫ్రాన్స్ చేరారు, ఫ్రాన్స్ కూలితే ఇంగ్లండ్ చేరారు. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో 145 మంది పోలిష్ పైలట్లు ఎగిరారు. వీరు ఎంతవరకు పనికొస్తారోనని మొదట్లో సందేహించినవాడు మన డౌడింగే. నార్త్‌హోల్ట్‌లోని 303వ స్క్వాడ్రన్ ఆగస్టు చివరి రోజుల్లో రంగంలోకి దిగి, అక్టోబర్ 11న విశ్రాంతికి వెళ్లేలోపు 126 విమానాలు కూల్చినట్టు నమోదు చేసింది. అన్ని పక్షాల లెక్కల్లాగే అందులో కొంత ఎక్కువ ఉండవచ్చు, అయినా హరికేన్ స్క్వాడ్రన్లలో అది అగ్రస్థానం. వీరు లేకపోతే ఫలితం ఇలాగే ఉండేదని చెప్పడానికి జంకుతానని తర్వాత డౌడింగే రాశాడు.

1946 జూన్ 8న లండన్‌లో విజయోత్సవ కవాతు జరిగింది. పోలిష్ సేనలకు చోటు లేదు. వాయుసైనికులు 25 మందిని మాత్రం పిలిచారు. తోటి సైనికులను పిలవని చోటికి మేము రామని వారు వెళ్లలేదు. అప్పటికి వార్సాలో మాస్కో అండతో వచ్చిన ప్రభుత్వాన్ని బ్రిటన్ గుర్తించి ఉంది మరి.

1940లో విమానాలు పంపకపోవడాన్ని నేను అర్థం చేసుకోగలను, ప్రాణాల మీదకు వచ్చింది. 1946లో ఏ ప్రాణం మీదకు వచ్చిందని? అవసరం వల్ల చేసినది వేరు, అవసరం తీరాక చేసినది వేరు.

తుంగభద్ర_నీరు

అందరూ మిత్రులు అనే మాట వాడుతున్నారు. 1939 సెప్టెంబర్ 3న భారతదేశం కూడా యుద్ధంలో ఉందని వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటించాడు, ఇక్కడి ఏ ప్రతినిధినీ అడగకుండా. ఫ్రాన్స్‌లో అదే మే నెలలో మన దేశం నుంచి వెళ్లిన కంచరగాడిదల రవాణా కంపెనీలు నాలుగు ఉన్నాయి, ఎక్కువమంది పంజాబ్ వాళ్లు. మూడు తప్పించుకున్నాయి, ఒకటి జర్మన్లకు చిక్కింది. పంపాలా వద్దా అన్న మంత్రివర్గ చర్చ వీరి గురించి ఎప్పుడూ జరగలేదు. ఫ్రాన్స్‌కు అడిగే హక్కైనా ఉంది.

గోల్కొండ_గోడలు

తుంగభద్ర నీరు గారూ, అక్షరాలా నిజం. నిజాం విరాళం గురించి రాస్తున్నప్పుడు నాకూ అదే తోచింది. ఆ డబ్బు ఏ రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చిందో ఆ రైతును ఎవరూ అడగలేదు. 152వ స్క్వాడ్రన్ పేరు చూసి గర్వపడేవారు మన ఊళ్లో ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు. కానీ గర్వం ఎవరిది, ఖర్చు ఎవరిది అన్నది పక్కపక్కనే చెప్పాలి.

మాజీ_రాడార్

ఒక్క విషయం మీద పట్టు వదలను. నార్త్‌హోల్ట్ గారు చెప్పిన పోలిష్ పైలట్లు సెప్టెంబర్‌లో అంత గొప్పగా పోరాడగలిగారంటే వెనుక ఆ బల్ల, ఆ బిళ్లలు, ఆ స్తంభాలు ఉన్నాయి. అదే మనుషులు, అంతే ధైర్యంతో, మేలో ఫ్రాన్స్‌లో ఏ కబురూ అందని ఆకాశంలో పోరాడారు. ధైర్యంలో తేడా లేదు. వ్యవస్థను వదిలి బయటికి పంపకూడదన్నదే డౌడింగ్ లేఖ. ఆ లేఖను నేను తప్పుపట్టను, ఎన్నటికీ.

పాతపటాలు

లేఖను నేనూ తప్పుపట్టడం లేదు. నా అభ్యంతరం ఎక్కడో ఇప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పాల్గొన్నవారికి పతకం మీద ప్రత్యేక పట్టీ ఇచ్చారు. జూలై 10, అక్టోబర్ 31 తేదీల మధ్య గుర్తింపు పొందిన స్క్వాడ్రన్‌లో కనీసం ఒక్కసారి పోరుకు ఎగిరి ఉండాలి. సుమారు 2,900 మంది. లండన్‌లో థేమ్స్ గట్టు మీది స్మారకంపై ఉన్నవి వారి పేర్లే, దేశాల వారీగా. ఫ్రెంచివారూ ఉన్నారు, పదమూడు మంది వరకు. కానీ 253వ స్క్వాడ్రన్‌లో మే నెలలో ఫ్రాన్స్ మీద కూలిన పైలట్ ఆ జాబితాలో ఉండడు. డన్‌కర్క్ మీద కూలినవాడు ఉండడు. అదే స్క్వాడ్రన్, అదే హరికేన్, అదే శత్రువు, రెండు నెలల తేడా. ఫ్రెంచి పైలట్ మాట సరే సరి. మధ్యాహ్నభానుడు గారు చెప్పిన 1,400 విమానాల్లో వంతు ఉన్నవారెవరూ ఆ గెలుపులో భాగస్వాములుగా లెక్కకు రారు.

ఫ్రాన్స్ సంధి చేసుకున్న తర్వాత, ఇక మర్యాద చేయవలసిన మిత్రులెవరూ మిగల్లేదు, హాయిగా ఉందని ఆరో జార్జి రాజు తన తల్లికి రాశాడు. ఆ నిట్టూర్పు అర్థం చేసుకోదగినదే. ఆ నిట్టూర్పు మీద ‘ఒంటరిగా నిలిచాం’ అన్న చరిత్ర మొత్తం కట్టడమే నాకు మింగుడుపడదు.

మధ్యాహ్నభానుడు

తేదీలకు ఒక హద్దు అవసరం కదా. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే 1939 సెప్టెంబర్ నుంచీ ఎగిరిన ప్రతివాడూ అందులోకి వస్తాడు.

పాతపటాలు

గీత ఉండాలి. ఆ గీత గీసినది ఎవరో చూడండి. జూలై 10ని ప్రారంభంగా తీసుకున్నది డౌడింగే, 1941లో రాసి 1946లో ప్రచురితమైన నివేదికలో. పోరు ఫలానా రోజున మొదలైందని చెప్పడం కష్టమనీ, ఒక దశ ఇంకో దశలో తెలియకుండానే కలిసిపోయిందనీ, తాను ఈ తేదీని కొంత ఇష్టానుసారంగానే ఎంచుకున్నాననీ అందులో ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన రాసుకున్న ఆ సందేహం తర్వాతి వారి చేతుల్లో నియమమైపోయింది. పట్టీ నియమాలు మార్చమని నేను అడగడం లేదు. ఈ సెప్టెంబర్ 15న, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ దినాన, మన బృందం ఆన్‌లైన్‌లో పెట్టే ప్రసంగాన్ని మే 10 నుంచి మొదలుపెడదాం. 253వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌లో గడిపిన ఆ కొద్ది రోజుల మీద గోల్కొండ గోడలు గారు మాట్లాడాలి, డచ్చివారు కూల్చిన రవాణా విమానాల మీద మధ్యాహ్నభానుడు గారు. ఎనిమిది నెలల ప్రశ్నను కృష్ణాతీరం గారే అడగాలి, ఇక్కడ అడిగినంత ఘాటుగానే.

కృష్ణాతీరం

అడుగుతాను. మెర్స్ ఎల్ కెబీర్‌కు విడిగా అరగంట ఇవ్వండి, దాన్ని ప్రశ్నోత్తరాల చివరికి నెట్టవద్దు.